ఉంగరపు వేలు

2024 ఫిబ్రవరి 9, శుక్రవారం, అమావాస్య. ఆ పొద్దున నేను రెండు సర్వపిండి రొట్టెలు తిన్నాను. మా అమ్మాయి లాస్య చేసింది. గిన్నె అడుగున ఎర్రగా కాలిన పెళుసు ముక్కలు నాకే వదిలింది. వాటిని కుడిచేత్తో తుంచుకున్నాను, చెయ్యి కడుక్కున్నాను, చొక్కా గుండీలు పెట్టుకున్నాను. ఏ వేలూ మొరాయించలేదు. నా ఇబ్బంది అంతా అక్కడే ఉంది. చూసేవాళ్ళకు నా చేతికి ఏ రోగమూ కనిపించదు. వెండి మీద ఉలి ఆనించిన క్షణంలో మాత్రం అది ఇంకెవరిదో చెయ్యి అయిపోయేది.

నా పేరు బ్రహ్మచారి. బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి ముందుగదే నా పనిగది. వెండి, బంగారం మీద లతలూ పేర్లూ చెక్కుతాను. సాయంత్రం కాలేజీలో బి.ఎస్సీ. పూర్తిచేశాను కానీ ఉద్యోగానికి వెళ్ళలేదు. మా నాన్న పక్కన పీట వేసుకుని కూర్చున్నాను, ఆయన పోయాక ఆయన పీట మీదికి జరిగాను. నా భార్య స్వర్ణలత పోయి అప్పటికి నాలుగేళ్ళు.

చెక్కే ఉలికి పొట్టి పిడి ఉంటుంది. అది అరచేతిలో కూర్చుంటుంది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ దాన్ని తేలిగ్గా పట్టి ఉంచుతాయి. చూపుడువేలు ఉలి వీపు మీద ఆనుతుంది. నలభై ఏళ్ళు నాకు ఈ సంగతి గుర్తే రాలేదు, ఎందుకంటే గుర్తు రావాల్సిన అవసరం లేదు. రెండేళ్ళ కిందట ఒకరోజు ఆకు అంచు తిప్పుతుంటే ఉలి ఎగిరింది. గీత దాటి వెండిని గీరేసింది. మర్నాడు మళ్ళీ. లాస్య కార్ఖానా ఏరియాలో ఒక కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. రెండుసార్లు అద్దాలు మార్పించింది. మా వీధిలోనే నగలకు మెరుగు పెట్టే పర్వతాలు ఎండుమిరపకాయలతో దిష్టి తీశాడు. మిరపకాయలు ఘాటు రాకుండా కాలాయి కాబట్టి దిష్టి ఖాయమన్నాడు. ఉలి ఎగురుతూనే ఉంది.

నెమ్మదిగా పని తగ్గింది. ఒక్క పని మాత్రం నా దగ్గర ఆగిపోయింది. బోయిన్‌పల్లి విమలమ్మ గారిది. ఆమె బడిపంతులమ్మగా చేసి రిటైరయిన మనిషి, డెబ్భై ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ కుంకుమభరిణె మీద మా నాన్న చెక్కిన లత ఉండేదట. ఆ భరిణె ఎక్కడో పోయింది. అదే లతతో కొత్తది చేయమన్నారు. మా నాన్న ఆకును ఉలి ఎత్తకుండా ఒక్క ఊపులో చెక్కేవాడు. ఆ లత కాగితం మీద లేదు. ఆయన చేతిలో ఉండేది, తరవాత నా చేతిలో. ఏడు ఆకుల్లో నాలుగు పూర్తిచేశాను. ఐదో ఆకు దగ్గర చెయ్యి నిలిచిపోయింది. నేను ఆ మూడు ఆకులూ చెక్కలేకపోతే ఆ లత ఇక ఎవరూ చెక్కరు. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అదే.

అలా ఆ అమావాస్య నాడు ఆసుపత్రికి వెళ్ళాం. అమావాస్య మా కంసాలి వాళ్ళకు సెలవు. ఉలి, సుత్తి, పటకారు కడిగి పక్కన పెడతాం, ఆ రోజు ముట్టుకోం. పని లేని రోజు కాబట్టి ఆ రోజే తీరిక. ఆసుపత్రిలో కాపలా మనిషి నన్ను నిలబడి ఉండగా చూసి, తన స్టూలు నా వైపు తోసి తాను గోడకు ఆనుకున్నాడు. ప్రేమమణి అనే నర్సు కాగితం నింపుతూ పేరడిగింది.

"బ్రహ్మచారి."

"పెళ్ళయిందా?"

"అయిందమ్మా."

ఆమె పెన్ను ఆగింది. నన్నొకసారి, లాస్యను ఒకసారి చూసింది.

"పేరు మార్చుకోలేదు, అంతే," అన్నాను. లాస్య నవ్వాపుకోలేక బయటికి వెళ్ళింది.

నరాల డాక్టరు పేరు హదస్సా. నలభై దాటి ఉండవు. మాటలో కోస్తా యాస. ఫోన్లో లాస్యకు ముందే చెప్పిందట, పనిముట్టు తెమ్మని.

"ఉలి తెచ్చారా అండీ?"

"ఇయ్యాల అమావాస్య మేడం. మేం ముట్టం."

"అయ్యో. మరి ఇంకో రోజు వస్తారా? మళ్ళీ ఇలా చూడాలంటే మూడు వారాల దాకా ఖాళీ లేదు నాకు."

"పెన్నుతోటి చూపిస్త. చెయ్యి అదే కదా."

ఆ మాట నాదే. పెన్ను పట్టుకుని కాగితం మీద ఊరికే ఒక తీగ గీశాను. పక్కన మనిషి చూస్తున్నాడంటే నా చెయ్యి మర్యాదగా ఉంటుంది. గిరాకీ ముందు చెయ్యి తడబడకూడదని మా నాన్న నేర్పాడు. ఆ అలవాటుతోనే నేను వేళ్ళను సర్దుకున్నాను. చూపుడువేలు మాత్రం కర్రలా నిటారుగా లేచింది. డాక్టరు అదే చూసింది.

"దీన్ని డిస్టోనియా అంటాం. కండలో జబ్బు లేదు, నరం తెగలేదు. ఏళ్ళతరబడి ఒకే సన్నపని చేసిన చేతికి మెదడు పంపే ఆజ్ఞలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఒక వేలికి వెళ్ళాల్సింది రెండింటికి వెళుతుంది. సంగీతం వాయించేవాళ్ళకూ వస్తుంది. దిష్టి కాదు."

"ఆ మాట పర్వతాలుకు చెప్తే నమ్మడు," అన్నాను.

"మెదడును నేను మార్చలేను. కబురు అందకుండా ఆపగలను." ఆమె కాగితం వెనక్కి తిప్పి బొమ్మ వేసింది. "ఇది నరం చివర. ఇది కండ. మధ్యలో సన్న సందు. నరం చివర రసాయనం నింపిన చిన్న చిన్న తిత్తులుంటాయి. కబురు రాగానే తిత్తి అంచుకు అతుక్కుని తెరుచుకుంటుంది. రసాయనం సందులోకి ఒలుకుతుంది. కండ దాన్ని అందుకుని ముడుచుకుంటుంది."

"తిత్తి అంచుకు ఎట్ల అతుక్కుంటది?"

ఆమె నావైపు కొంచెం ఇష్టంగా చూసింది. "తిత్తికి కొన్ని దారాలు, అంచుకు కొన్ని. మాంసకృత్తుల దారాలు. రెండూ పురి పెట్టుకుని తిత్తిని లాగి బిగిస్తాయి. బోటులినం అనే విషం ఉంది. ఒక క్రిమి తయారుచేస్తుంది. సరిగా నిలవచేయని డబ్బా తిండిలో అది పెరిగితే, తిన్న మనిషికి ఊపిరి కండలు కూడా పడిపోతాయి. ఆ విషం చేసేదల్లా ఈ దారాన్ని కత్తిరించడం. తిత్తి నిండుగానే ఉంటుంది, నరం బతికే ఉంటుంది, కబురు మాత్రం అవతలికి పోదు. అదే విషాన్ని కొలిచి, చాలా చాలా తక్కువ, ఒక్క కండలోకి ఎక్కిస్తాం. మూడు నాలుగు నెలలకు నరం మళ్ళీ దారాలు కట్టుకుంటుంది."

"ధనుర్వాతం లాంటిదా ఇది?" అని అడిగాను. మా చిన్నాన్న పదిహేడేళ్ళప్పుడు కాల్లో మేకు దిగి అలా పోయాడు. ఒళ్ళు విల్లులా వంగిందని మా నాయనమ్మ చెప్పేది. నేను బి.ఎస్సీ.లో ఆ క్రిమి పేరు చదివినప్పుడు పుస్తకం మూసేశాను.

"రెండిటి కత్తెరా ఒకటే," అందామె. "కత్తిరించే చోటు వేరు. ధనుర్వాతం విషం నరం వెంట పైకెక్కి వెన్నుపాములోకి పోతుంది. అక్కడ ఒక నరకణం ఇంకో నరకణానికి 'ఇక ఆగు' అని చెబుతుంటుంది. ఆ చెప్పేదాని దారాలు తెంపుతుంది. ఆపేవాళ్ళు లేక కండలన్నీ బిగుసుకుపోతాయి. ఇది కండ దగ్గరే ఉండి, 'బిగించు' అన్న కబురును ఆపుతుంది."

మా చిన్నాన్న ఎందుకలా వంగాడో యాభై ఏళ్ళ తరవాత ఒకరు నాకు సరిగ్గా చెప్పారు. భయం పోలేదు కానీ దానికొక ఆకారం వచ్చింది. మరుసటి వారం, సూదులు వేసే రోజున వచ్చి వేయించుకుంటానన్నాను.

సూదికి తీగ కట్టి ఒక పెట్టెకు తగిలించారు. వేలు కదిపినప్పుడల్లా ఆ పెట్టెలోంచి రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడు వచ్చింది. కండ మాట్లాడుతున్న చప్పుడట అది. చూపుడువేలిని ఎత్తే కండ దగ్గర వాన జోరుగా పడినప్పుడు హదస్సా మందు ఎక్కించింది. ప్రేమమణి నా ఎడమచెయ్యి పట్టుకుని, నేను అడగకముందే, "అయిపోయింది సార్," అంది.

పన్నెండో రోజుకు చూపుడువేలు ఎత్తబోతే లేవలేదు. మందు పనిచేసింది, అనుమానం లేదు. సంతోషంగా రాగి రేకు మీద ఉలి పెట్టాను. ఉలి మునుపటికన్నా ఎక్కువగా ఎగిరింది. ఇన్నాళ్ళూ కర్రలా నిటారుగా నిలిచి దాన్ని కాస్తయినా అదిమి ఉంచిన వేలు ఇప్పుడు వాలిపోయింది.

"ఇగ నువ్వు ఎవ్వల్ని వేలెత్తి చూపలేవే చారన్నా," అన్నాడు పర్వతాలు. "మొగుళ్ళకు గీ సూది ఏస్తే ఊర్ల కొట్లాటలే ఉండయి."

"ముందు నీ నోటికి ఏపిస్త."

"నా నోటికి ఎంత మందు కావాల్నో ఆ డాక్టరమ్మకు తెల్వది."

నవ్వాను. వాడు వెళ్ళాక తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

మార్చి నెలాఖరున విమలమ్మ గారు ఆటోలో వచ్చారు. చెక్కేటప్పుడు కదలకుండా అతికించే లక్కలోంచి భరిణెను తీసి ఆమె ముందు పెట్టాను. నాలుగు ఆకులు, మూడు ఖాళీలు.

"అమ్మా, మార్కెట్ల లేజర్ మిషన్ వచ్చింది. ఈ నాలుగు ఆకులు ఫొటో తీసి ఇస్తే మిగిలిన మూడూ అచ్చం అట్లనే దించుతరు. నేనే తీస్కపోయి చేపిస్త."

"మిషన్‌కు మీ నాయన తెల్సా?"

"తెల్వదమ్మా."

"మరి గట్ల మాట్లాడ్తవేంది? నాలుగు ఆకులు ఒక్కతీరు ఉన్నయా ఏమన్న? చూడు, గిది జెర కిందికి వాలింది. గిది ఎండకు తిరిగినట్టుంది. ఐదోది ఎట్లుంటదో నాకు తెల్వది, నీకు తెల్వది, మిషన్‌కు మాత్రం తెల్సా?" ఆమె భరిణెను నా వైపు తోశారు. "నీ దగ్గర్నే ఉండనియ్. నాకు తొందర లేదు."

తొందర లేదన్న డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ముఖంలోకి నేను చూడలేకపోయాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆమె నా కుడిచెయ్యి పట్టుకుని మెట్టు దిగారు. ఆ పట్టుకి నా చెయ్యి బాగానే పనికొచ్చింది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నాకు మొండితనం పట్టింది. కుడిచెయ్యి రాకపోతే ఎడమచేత్తో నేర్చుకుందామనుకున్నాను. మా నాన్న బతికి ఉంటే చేతి మీద ఒకటి వేసేవాడు. రాగి రేకు లక్క మీద పరిచి, ఎడమ అరచేతిలో పిడి కూర్చోబెట్టాను. కుడిచెయ్యి ఏ పనీ లేకుండా తొడ మీద పడి ఉంది. పర్వతాలు మెరుగు పెట్టిన గజ్జెలు ఇవ్వడానికి వచ్చి, గడపలోనే కూర్చుని చూస్తున్నాడు.

"చిన్నపోరగాడు 'అ ఆ'లు దిద్దినట్టున్నది," అన్నాడు.

"నోరు మూసుకుని కూసో."

ఉలి తోశాను. వంకరగా, కానీ కదిలింది. మళ్ళీ తోశాను.

"చారన్నా."

"ఏంది?"

"గది ఏందే? పని చేస్తున్నది ఎడమచెయ్యి. ముడుచుకుంటున్నది కుడిది!"

కిందికి చూశాను. తొడ మీద ఊరికే పడి ఉన్న కుడిచేతిలో ఉంగరపు వేలు ఒక్కటే అరచేతిలోకి ముడుచుకుపోతోంది. ఎడమచెయ్యి ఆపాను. అది విప్పుకుంది. మళ్ళీ ఉలి తోశాను. మళ్ళీ ముడుచుకుంది, ఉలి పిడిని నలిపేయాలన్నంత కోపంగా. చూపుడువేలు ఏ తగాదా లేకుండా పక్కన పడుకుని ఉంది.

ఒక్కసారిగా అర్థమైంది. చెడింది చూపుడువేలు కాదు. ఉంగరపు వేలు పిడిని పిసుకుతుంటే ఉలి ముక్కు పైకి లేస్తుంది. దాన్ని సర్దడానికి చూపుడువేలు నిటారుగా నిక్కి ఉలిని అదిమేది. నేనే రెండేళ్ళుగా దానికా అలవాటు చేశాను, ఎవరికీ కనపడకుండా. పెన్ను పట్టినప్పుడు ఎవరికైనా ఉంగరపు వేలు లోపలికే మడిచి ఉంటుంది కాబట్టి డాక్టరుకు తేడా తెలియలేదు. తోడుగా వచ్చినవాణ్ణి పట్టుకుని కట్టేశాం, తప్పు చేసినవాణ్ణి వదిలేశాం.

"పర్వతాలూ, నీకు చాయ్ తాపిస్త పా."

"గిదేంది, దిష్టి తీసినప్పుడు తాపియ్యలే!"

ఆ రాత్రే లాస్య తన ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు పంపింది. అరగంటలో జవాబు వచ్చింది. మే 20న రమ్మంది, అప్పటికి పాత మందు పట్టు సడలుతుందని. చివర "ఈసారి ఉలి తప్పకుండా" అని రాసింది.

ఆ సోమవారం ఉలి, లక్కదిమ్మ, రాగి రేకు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. లక్కదిమ్మను చూసి ప్రేమమణి, "ఇదేంటి సార్, గదంతా పరిమళం," అంది. హదస్సా నన్ను ఎడమచేత్తో పదిసార్లు చెక్కమంది, కుడిచేతి మీద నుంచి చూపు తిప్పలేదు. తరవాత కుడిచేత్తో.

"ఈసారి సర్దుకోకండి. ఎంత వికారంగా వస్తే అంత వికారంగా రానివ్వండి. నేను గిరాకీని కాదు."

అది నాకు చాలా కష్టమైంది. ఒక మనిషి కళ్ళముందు రేకు మీద ఐదు పాడు గీతలు గీశాను.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "ఆ రోజే ఎడమచేత్తో చేయించి చూడాల్సింది నేను. మాకు నేర్పుతారు అది. సారీ అండీ. మీకు మూడు నెలలు పోయాయి."

"నేను ఉలి తెచ్చి ఉంటే మీరు చేయించేవారే," అన్నాను. పెద్ద డాక్టరు ఒక కంసాలికి క్షమాపణ చెప్పడం చిన్న సంగతేమీ కాదు. నా మనసులో ఏదైనా మిగిలి ఉంటే అదీ కరిగిపోయింది.

"ఇప్పుడొక మాట చెప్పాలి," అందామె. "ఉంగరపు వేలిని ముడిచే కండలో వేస్తాను. కొంచెం ఎక్కువైతే ముడత పోతుంది, పట్టు కూడా పోతుంది. పిడి జారిపోతుంది. తక్కువైతే ఏమీ తెలియకపోవచ్చు. మళ్ళీ వేయాలంటే మూడు నెలలు ఆగాలి. పూర్తి మోతాదు వేయనా, సగమా?"

లాస్య నా భుజం మీద చెయ్యి వేసింది.

"సగం వెయ్యండి," అన్నాను. "మేం ఆకురాయి పెట్టేటప్పుడు తక్కువనే గీకుతం మేడం. ఎక్కువ గీకితే పోయిన వెండిని మల్ల అతికియ్యలేం."

ఆమె నవ్వి సూది అందుకుంది. "ఉంగరపు వేలు ఒక్కటే ముడవండి." పెట్టెలో వాన జోరందుకుంది.

తరవాతి రోజుల్లో నేను ఉలి ముట్టుకోలేదు. పదో రోజు మంచినీళ్ళ చెంబు ఎత్తుతుంటే ఉంగరపు వేలు కాస్త వెనకబడ్డట్టనిపించింది. పద్నాలుగో రోజు చొక్కా గుండీ పెట్టుకోవడానికి కొంచెం ఆలస్యమైంది. పట్టు పోతోందేమో అనుకున్నాను. కుంకుమభరిణెను గుప్పిట్లో బిగించి చూశాను. నిలిచింది. పదిహేడో రోజు అమావాస్య వచ్చింది. ఒక్కరోజు ఆగాను.

జూన్ 7, శుక్రవారం. సాయంత్రం దీపం పెట్టి, పీట మీద కూర్చున్నాను. ముందు రాగి రేకు మీద ఒక గీత. ఉలి ఎగరలేదు. ఇంకో గీత, ఈసారి వంపు తిప్పాను. ఎగరలేదు. లక్కను వేడి చేసి, భరిణె మూతను దాని మీద అతికించాను.

ఐదో ఆకు. తొడిమ దగ్గర ఉలి దించి తోశాను. లోపలెక్కడో పాత ఆజ్ఞ బయలుదేరింది. నాకు తెలిసింది. ముంజేతిలో చిన్న బిగువులా కదిలింది. బిగించు, పిసుకు అంటోంది అది. వేలి దాకా సగమే చేరింది. ఉంగరపు వేలు పిడి చుట్టూ మెత్తగా, కాస్త బద్ధకంగా, అంతే ఉండిపోయింది. చూపుడువేలికి సర్దాల్సిందేమీ లేక ఉలి వీపు మీద వాలింది. వెండి సన్నటి తీగలా చుట్టుకుంటూ లేచింది. అంచు తిరిగి, కొనదాకా వెళ్ళి, ఉలి ఎత్తకుండా వెనక్కి వచ్చి తొడిమను కలిశాను.

ఊది చూశాను. ఒకచోట గీత కొంచెం లావైంది. మా నాన్న చూస్తే ఆ చోట గోరు పెట్టేవాడు. మిగతాది ఆకే. గాలికి పక్కకు ఒరిగిన ఆకు. అది అలా ఒరుగుతుందని చెక్కేదాకా నాకూ తెలియదు.

విమలమ్మ గారికి ఫోన్ చేశాను.

"ఐదో ఆకు వచ్చిందమ్మా."

"ఎట్లున్నది?" అన్నారు.

"పక్కకు ఒరిగింది."

"ఆఁ. మా అమ్మ భరిణె మీద సుత ఒక్కటి గట్లనే ఉండె." అన్నారు విమలమ్మ గారు. "మిగిలిన రెండూ నీ ఇష్టం వచ్చినప్పుడు చెయ్. నేను ఉంట."

ఈ మందు సెప్టెంబరు దాకా ఉంటుంది. ఆ లోపు నరం చివర కొత్త దారాలు పేనుకుంటుంది, తిత్తులు మళ్ళీ అంచుకు చేరతాయి, ఉంగరపు వేలికి కబుర్లు పూర్తిగా అందడం మొదలవుతుంది. అప్పుడు మళ్ళీ ఆసుపత్రికి వెళతాను, ఉలి సంచిలో పెట్టుకుని. హదస్సా తారీఖు రాసిచ్చింది. ఏడాదికి మూడు నాలుగు సూదులు. చేతకాని పని కాదు. ఒక క్రిమి చేసే కత్తెర నా చేతిలో ఒక్క మాటను మూసి, మిగిలిన మాటలన్నిటికీ దారి ఇచ్చింది.

ఆ రాత్రే ఆరో ఆకు తొడిమ దగ్గర ఉలి దించాను. లాస్య అన్నానికి పిలవడానికి వచ్చినట్టుంది. అడుగుల చప్పుడు నా వెనక ఆగింది. పిలుపు రాలేదు. కాసేపటికి ఆమె నా పక్కనుంచి గోడవారగా నడిచి వీధి తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మోగకుండా దాన్ని రెండో చేత్తో పట్టుకుని, రాత్రికి తలుపు మెల్లగా మూసింది.